మేక్ వే ఫర్ డక్లింగ్స్

అమెరికన్ రచయిత, చిత్రకారుడు రాబర్ట్ మెక్‌క్లాస్కీ (1914–2003) పిల్లల కోసం రాసి, తనే బొమ్మలు వేసిన పుస్తకం. న్యూయార్క్‌లోని వైకింగ్ ప్రెస్ 1941లో ప్రచురించింది. మరుసటి ఏడాది దీనికి పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం దక్కింది.

కథాస్థలం బోస్టన్ నగరం. గూడు కోసం ఊరంతా గాలించిన మల్లార్డ్ బాతుల జంట చివరకు చార్లెస్ నదిలోని చిన్న లంకలో దిగుతుంది. ఎనిమిది పిల్లలు పుడతాయి. వాటిని వెంటబెట్టుకుని తల్లి బాతు పబ్లిక్ గార్డెన్ చెరువుకు కాలినడకన బయలుదేరుతుంది. రద్దీ రోడ్డు దాటలేక నిలబడిపోతే మైకేల్ అనే పోలీసు పరుగున వచ్చి కార్లు ఆపేస్తాడు.

కథ చిన్నదే, పుస్తకానికి ప్రాణం బొమ్మలు. అన్నీ ముదురు గోధుమ రంగులోనే ఉంటాయి. కొన్ని పేజీల్లో బోస్టన్ ఎగిరే బాతుల కంటికి ఆనినట్టు పైనుంచి కనిపిస్తుంది: ఇళ్ల కప్పులు, వంతెనలు, నది. ఈ చూపు మార్పే చిన్న పాఠకుణ్ని పక్షుల పక్షాన నిలబెడుతుంది. బాతుల నడక, మెడ తిప్పే తీరు పట్టుకోవడానికి మెక్‌క్లాస్కీ న్యూయార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌లోనే బాతుల్ని పెంచాడు. నేలమీద వాటి వెంట పాకుతూ స్కెచ్‌లు వేసుకున్నాడు. పిల్లల పుస్తకమని ఏమాత్రం శ్రద్ధ తగ్గించని చిత్రకారుడాయన.

శిల్పి నాన్సీ షోన్ మలచిన తల్లి బాతు, పిల్లల కంచు విగ్రహాలను 1987లో పబ్లిక్ గార్డెన్‌లో ప్రతిష్ఠించారు. చిన్నారులు ఎక్కి కూర్చోగలిగేంత ఎత్తులోనే అవి ఉంటాయి. 1991లో వీటి ప్రతిరూపాలు అమెరికా కానుకగా మాస్కో చేరాయి. మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పుస్తకాన్ని తన అధికారిక బాలల పుస్తకంగా గుర్తించింది.