పాతకాలపు లైట్ మీటర్లు

లైట్ మీటరు అనగా ఛాయాచిత్రం తీయుటకు ముందు వెలుతురును కొలిచి, తగిన లెన్సు అపెర్చరును, షట్టరు వేగాన్ని సూచించే సాధనం. కెమెరాలలోనే ఈ ఏర్పాటు రాకమునుపు దీనిని విడిగా చేతిలో పట్టుకొని వాడేవారు. 1930ల నుండి 1970ల వరకు తయారైన మీటర్లు కొన్ని నేటికీ పనిచేస్తున్నాయి. వీటి మన్నిక వయసు కంటె, లోపలి ఘటం రకంపైన, దాచిన తీరుపైన ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

రకాలు

సెలీనియం మీటరు: సెలీనియం పొరపై వెలుతురు పడినపుడు స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తే గాల్వనోమీటరు ముల్లును కదిలిస్తుంది. కావున దీనికి బ్యాటరీ అక్కరలేదు. మసక వెలుతురులో మాత్రం ముల్లు తగినంతగా కదలదు. అమెరికాలోని వెస్టన్ సంస్థ 1932లో విడుదల చేసిన మోడల్ 617 ఈ రకపు తొలి మీటర్లలో ఒకటి. అదే సంస్థ తయారుచేసిన వెస్టన్ మాస్టర్ శ్రేణి విశేష ప్రచారం పొందింది.

కాడ్మియం సల్ఫైడు మీటరు: ఇది 1960లలో వ్యాప్తిలోనికి వచ్చింది. వెలుతురు పెరిగిన కొలదీ ఈ పదార్థపు విద్యుత్ నిరోధం తగ్గుతుంది. మసక వెలుతురును సైతం కొలవగలదు గాని బ్యాటరీ తప్పనిసరి. జర్మనీకి చెందిన గోస్సెన్ సంస్థవారి లూనాసిక్స్ 3 ఇందుకు ఉదాహరణ.

పాడగుటకు కారణాలు

సెలీనియం ఘటానికి ప్రధాన శత్రువు తేమ. లోనికి చేరిన తేమ వలన పలుచని పొర, దాని అంచునగల లోహపు అతుకులు క్షీణించి, మీటరు ఉన్న వెలుతురు కంటె తక్కువ చూపుతుంది. దానిని నమ్మి తీసిన చిత్రానికి అధిక కాంతి సోకుతుంది.

కాడ్మియం సల్ఫైడు మీటర్ల సమస్య వేరు. వీటిలో చాలావరకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి అనువుగా తయారైనవి. ఈ బ్యాటరీల అమ్మకాన్ని అమెరికా 1996లో చట్టం ద్వారా నిషేధించింది. ఇతర దేశాలలోనూ అవి కనుమరుగైనవి. వాటికి బదులు 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేసినచో పలు మీటర్లు ఉన్నదానికన్న ఎక్కువ వెలుతురు చూపుతాయి. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడుకలో క్రమంగా తగ్గుటచే తప్పు కూడ మారుతూ ఉంటుంది. వోల్టేజిని తగ్గించే అడాప్టరుతో సిల్వర్ ఆక్సైడు బ్యాటరీ వాడుట మేలు. 1.4 వోల్టుల జింక్-ఎయిర్ బ్యాటరీలు కూడ సరిపోతాయి గాని, ముద్ర ఊడదీసిన కొద్ది నెలలకే అయిపోతాయి.

పరీక్షించు విధానం

* సెలీనియం మీటరు ఘటాన్ని పూర్తిగా మూసినపుడు ముల్లు సున్న వద్ద నిలవాలి. లేనిచో సున్నను సరిచేయు మరను మెల్లగా త్రిప్పాలి.
* ఎండలో, నీడలో, గదిలో ఒకే తలాన్ని ఈ మీటరుతోను, నమ్మకమైన మరొక మీటరుతోను కొలిచి పోల్చాలి.
* తేడా అన్నిచోట్ల సమానమైనచో ఫిలిం వేగాన్ని మార్చి సరిచేయవచ్చు. ఉదాహరణకు మీటరు ఒక స్టాపు తక్కువ చూపుచున్నచో 100 వేగపు ఫిలింకు 200 వద్ద అమర్చాలి. తేడా చోటుకొక రీతిగా ఉన్నచో ఈ ఉపాయం పనిచేయదు. ఘటాన్ని మార్చవలసి ఉంటుంది.
* తొలినాటి వెస్టన్ మీటర్లపై ఆ సంస్థ సొంత వేగసంఖ్యలు ఉంటాయి. నేటి 100 అందులో సుమారు 80కి సమానం. ఈ స్వల్ప భేదాన్ని మీటరు లోపంగా భావించరాదు.

సంరక్షణ

మీటరును పొడిగా, చల్లగా ఉన్నచోట సిలికా జెల్ పొట్లంతో కలిపి మూతగల డబ్బాలో ఉంచాలి. తోలు సంచి తేమను పీల్చి బూజుకు తావిస్తుంది గనుక అందులో దీర్ఘకాలం ఉంచరాదు. అయస్కాంతాలకు, లౌడ్ స్పీకర్లకు దూరంగా ఉంచాలి. ముల్లు సున్నితమైన ఇరుసుపై తిరుగుతుంది కావున క్రింద పడనీయరాదు. వాడని కాలంలో బ్యాటరీ తీసివేయాలి. లేనిచో అది కారి లోపలి లోహపు పలకలను తినివేస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఛాయాగ్రహణం
* సెలీనియం
* గాల్వనోమీటరు