ఐపీ పెట్టే ముందు ఇంటి ఖర్చుల నోటు



అప్పులు మీరిపోయినవాణ్ణి మనం "ఐపీ పెట్టేశాడు" అంటాం. ఇక్కడ మనలిలో తమిళం వాళ్లు "మంజ కడుదాసి ఇచ్చేశాడు" అంటారు. రెండూ ఎగతాళి మాటలే అయిపోయాయి. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దాని వెనక వందేళ్లు దాటిన చట్టం ఉంది. అది ఇంటి ఖర్చును ఎలా చూసిందో తెలుసుకోవడం మంచిది.

1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసింది. వేలమంది దాచుకున్న సొమ్ము పోయింది. సర్ జార్జ్ ఆర్బత్నాట్‌కు 18 నెలల జైలు పడింది. 1909లో మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు ప్రెసిడెన్సీ టౌన్స్ ఇన్సాల్వెన్సీ చట్టం వచ్చింది. జిల్లాలకు 1920లో ఇంకో చట్టం చేశారు.

1909 చట్టం ప్రకారం దివాలా తీసినవాడి ఆస్తి అఫీషియల్ అసైనీ చేతికి పోతుంది. అంతా పోదు. పనిముట్లు, కట్టుబట్టలు, పరుపులు, వంటపాత్రలు, ఇంటి సామాను అన్నీ కలిపి 300 రూపాయల మేరకు ఆ కుటుంబానికే వదిలారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కుటుంబం బతకడానికి కోర్టు ఆ ఆస్తిలోంచే భత్యం కూడా ఇప్పించవచ్చు.

జీతగాళ్ల సంగతి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. మామూలు అప్పు డిక్రీకి మొదటి 1000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు చేయకూడదు. 1976 సవరణలో ఆ వెయ్యి 400గా ఉండేది. లెక్కకు వచ్చే జీతం 31,000 అనుకోండి. 21,000 ఇంటికి, 10,000 వరకే జప్తుకు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఇలా లెక్క వేసి చూపిస్తేనే నాకు తృప్తి.

అయితే చట్టం మనల్నీ ఒక ప్రశ్న అడుగుతుంది. అప్పుల నుంచి విడుదల కోరినప్పుడు, దుబారాగా బతికాడా, జూదమాడాడా అని కోర్టు చూస్తుంది. అలా తేలితే విడుదల ఇవ్వకపోవచ్చు, వాయిదా వేయవచ్చు. అక్కడ నోటిమాట కంటే నోటుబుక్కు మేలు. బియ్యం, అద్దె, కరెంటు, స్కూలు ఫీజు, మందులు, చీటీ, నగల కుదువ వడ్డీ, అన్నీ తేదీ వేసి రాసి ఉంటే, డబ్బు ఎటు పోయిందో ఆ పుస్తకమే చెబుతుంది.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, వ్యక్తుల భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే అమల్లోకి తెచ్చారు. మనలాంటి ఇళ్లకు పాత చట్టాలే దిక్కు.

కాబట్టి వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పు చేస్తున్నామని తెలిసిన రోజే, భార్యాభర్తలు కూర్చుని మూడు నెలల ఖర్చు రాయండి. ఆ కాగితం తీసుకుని లాయరు దగ్గరికో, ఉచిత న్యాయ సహాయ కేంద్రానికో వెళ్లండి. ఐపీ పెట్టడం నేరం కాదు. పరువు పోతుందని దాచి, ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టడమే తప్పు.