పిన్ కోడు ఇచ్చాక ఇంకేం కావాలి?

మొన్న కైకలూరులో ఉన్న మా మేనత్తకు బీపీ మాత్రలు అయిపోవచ్చాయంటే, పంపిద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. 521333 అని పిన్ కోడు కొట్టాను. ఊరుకుంటుందా? జిల్లా ఏదంది, రాష్ట్రం ఏదంది, ఆఖరికి దేశం కూడా అడిగింది!

అసలు ఈ బాదరబందీ తగ్గిద్దామనే కదండీ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడు పెట్టారు! రూపొందించినాయన శ్రీరామ్ భికాజీ వేలణకర్. తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి కూడాను. ఒకే పేరుతో పది ఊళ్ళు, పది భాషల్లో చిరునామాలు. సార్టరు ఏం చేస్తాడు పాపం? మొదటి అంకె 5 అయితే ఉత్తరం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల కట్టలో పడుతుంది. మొదటి మూడంకెలతో సార్టింగు జిల్లా, చివరి మూడింటితో పోస్టాఫీసు తేలిపోతాయి.

జిల్లాలదేముంది, మారుతూనే ఉంటాయి. ఏలూరు 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ తర్వాత పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమైంది. 2022 ఏప్రిల్ 4న దాని పేరుతోనే ఓ జిల్లా వచ్చింది. కొల్లేటి పక్కనున్న కైకలూరు కృష్ణాను వదిలి అందులో చేరింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. అయినా ఏలూరు 534001, గూడెం 534101. అంకెలు కదిలితే ఒట్టు!

ఇంతకీ ఆ ఫారం జాబితాలో ఏలూరు జిల్లాయే లేదు. కృష్ణా అని నొక్కితే గాని ముందుకు సాగలేదు. మాత్రలు మూడోనాడు చేరాయి.

"మన జిల్లా కూడా మర్చిపోయావుట్రా?" అని అత్తయ్య ఫోనులో నిలదీసింది.