‘ఆది’ అనే మాట వెనక

చరిత్ర సెమినార్లకి వెళ్ళినప్పుడల్లా మన మీద పడే నింద ఒకటుంది. ‘మీరు ఇవాళ్టి గొడవల్ని నిన్నటి చరిత్రలోకి మోసుకొస్తున్నారు, చరిత్రకారుడికి పక్షపాతం పనికిరాదు’ అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. దాని అడుగున ఉన్న లెక్క మాత్రం వేరు. వాళ్ళు రాస్తే చరిత్ర, వాడ నుంచి వచ్చినోళ్ళు రాస్తే కరపత్రం. ఈ లెక్క ఎంత నిజమో తెలియాలంటే తెలుగులో చరిత్ర రచన ఎట్లా మొదలైందో ఒకసారి చూస్తే చాలు.

కొమర్రాజు లక్ష్మణరావు వగైరాలు 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ మూడింటినీ విడదీసి చూడటం కష్టం. మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్ళకి ఉద్యోగాల్లో, పరపతిలో వాటా దక్కలేదన్న బాధ ఉంది. అది వాళ్ళ వర్తమానం. ఆ బాధే శాతవాహనుల్నీ కాకతీయుల్నీ వెతికించింది. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. రాజుల చరిత్ర చాలు, జనం ఏం తిన్నారో ఏం కట్టారో చెప్పాలనుకుని ఆయనే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. వీళ్ళలో ఎవర్నీ మనం తప్పుపట్టడం లేదు. వాళ్ళ కాలం అడిగిన ప్రశ్నకి వాళ్ళు జవాబు వెతికారు. వాళ్ళని ఎవరూ పక్షపాతులనలేదు గదా, మనల్నే ఎందుకంటారు అన్నదే మన ప్రశ్న.

కాబట్టి వర్తమానంతో ముడిపెట్టాలా వద్దా అనేది అసలు చర్చే కాదు. ఎట్లా ముడిపెట్టాలన్నదే చర్చ. ముడి సరిగ్గా పడితే ఏమవుతుంది, జారితే ఏమవుతుంది? దీనికి మన ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. అది ‘ఆది’ అనే మాట.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. అప్పటికే ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో, భజనలతో వాడవాడా తిరిగి జనాన్ని కూడగట్టిన మనిషి. ఆ కుర్చీలో కూర్చుని ఆయన మొట్టమొదట తప్పుపట్టింది సభ పేరునే. పంచములం అని మనల్ని ఎవరన్నారు, ఏ శాస్త్రంలో ఉంది, ఏ పురాణంలో ఉంది అని నిలదీశాడు. మనం ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. మామూలుగా ఈ ఘటనని ‘ఆత్మగౌరవ ప్రకటన’ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతారు. అది ఆత్మగౌరవ ప్రకటనే, సందేహం లేదు. కానీ అది చరిత్ర వాదన కూడా. మనుస్మృతిలోనే నాలుగే వర్ణాలు, అయిదోది లేదని ఉంది. లేని అయిదో మెట్టు కట్టి దాని మీద మనల్ని నిలబెట్టారన్నమాట. పెద్ద చదువులు, విశ్వవిద్యాలయం పట్టాలు లేని మనిషి పాత గ్రంథాన్ని సాక్ష్యంగా నిలబెట్టి ఒక మాటని కొట్టేయించాడు. చరిత్రకారుడు చేసే పని అదే. మరి 1917లోనే ఎందుకు? ఆ ఆగస్టులో మాంటేగు ప్రకటన వచ్చింది. రాబోయే సంస్కరణల్లో ఎవరికి ఎన్ని స్థానాలు, ఎవరు ఎంతమంది అనే లెక్కలు మొదలయ్యాయి. ఎవరో పెట్టిన పేరుతో ఆ లెక్కలోకి పోతే మన గోడు మళ్ళీ ఎవరో చెబుతారు. ఆ తొందరే ఆ వాదనకి పదును పెట్టింది.

ఫలితం కూడా తొందరగానే వచ్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లని అధికారికంగా ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులనే పేరు ఎక్కింది. పంజాబులో ఆది ధర్మం, ఉత్తరాదిన అచ్యుతానంద స్వామి ఆది హిందూ ఉద్యమం, కన్నడదేశంలో ఆది కర్ణాటకులు. ఒకరినొకరు చూడని జనం ఒకే మాట అందుకున్నారు. రచయితలూ వెనకబడలేదు. స్వరాజ్య నినాదం హోరెత్తుతున్న 1920ల మొదట్లో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అన్నాడు. తెల్లదొర పోతే కూర్చునే దొర ఎవరు అనే ప్రశ్న ఆ పేరులోనే ఉంది. 1941లో జాషువా గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. కాళిదాసు మేఘాన్ని పంపిన పద్ధతే అది. పంపింది యక్షుడు కాదు, గుడిలోకి రానీయని మనిషి.

ఇంతవరకూ మనోళ్ళు అందరూ రాసేదే. రాయనిది ఇంకొకటుంది. ‘ఆది’ వాదానికి ఒక పునాది ఆర్య దండయాత్ర సిద్ధాంతం. బయటినుంచి ఆర్యులొచ్చి ఇక్కడి జనాన్ని ఓడించి బానిసల్ని చేశారన్నది దాని సారాంశం. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’లో ఈ సిద్ధాంతాన్నే తిరగేసి వాడాడు. ఆర్యులు గొప్పోళ్ళని చెప్పుకోడానికి పండితులు వాడుతున్న కథని, ఆర్యులు దోపిడీదార్లని చెప్పడానికి మలిచాడు. ఉద్యమానికి అది ఎంత బలమిచ్చిందో చెప్పనక్కర్లేదు. తర్వాత అంబేడ్కర్ 1946లో ‘శూద్రులెవరు?’ రాశాడు. ఆ పుస్తకాన్ని ఫూలేకే అంకితమిచ్చాడు. అంకితమిచ్చిన ఆ పుస్తకంలోనే ఆర్యజాతి సిద్ధాంతం రుగ్వేదం సాక్ష్యానికి నిలబడదని తేల్చాడు. 1948లో ‘అస్పృశ్యులు’ రాసి, అంటరానితనానికి జాతి భేదం కారణం కాదన్నాడు. అప్పటి మానవశాస్త్రజ్ఞులు ముక్కులూ తలలూ కొలిచి వేసిన పట్టికల్నే తీసుకుని, వాటి ప్రకారమే బ్రాహ్మడూ అంటరానివాడూ వేరు జాతులు కారని చూపించాడు.

ఆ మాట చెప్పడానికి ఆయనకి ఎంత ఖర్చు పడిందో ఊహించండి. దేశంలో పలుచోట్ల మన సంఘాల పేర్లు ‘ఆది’తో మొదలవుతున్నాయి. సభల్లో చప్పట్లు కొట్టించే వాదన అది. దాన్ని అట్లాగే ఉంచేస్తే ఎవరూ అడిగేవాళ్ళు లేరు. అయినా సాక్ష్యం ఒప్పుకోలేదు గనక ఆయన ఒప్పుకోలేదు. తాను దాని స్థానంలో పెట్టిన వాదం, చెదిరిపోయిన తెగల మనుషులు బౌద్ధాన్ని పట్టుకుని ఉండడం, గోమాంసం మానకపోవడం వల్ల అంటరానివాళ్ళయ్యారన్నది, కూడా ఊహాప్రతిపాదనే అని ఆయనే దాచకుండా చెప్పాడు. దొరకని లంకెలు ఉన్నచోట చరిత్రకారుడు ఎంతవరకు ఊహించొచ్చో ముందుమాటలో చర్చించాడు. ఆ ప్రతిపాదనని ఇవాళ ఎవరైనా కాదనొచ్చు. ఆయన పద్ధతిని కాదనడం మాత్రం కష్టం. ప్రశ్న వర్తమానం నుంచే తెచ్చుకున్నాడు. జవాబుని ఉద్యమం అవసరానికి వదిలెయ్యలేదు. మనలో కొందరు అంబేడ్కర్ పేరు చెప్పి ఆర్య దండయాత్ర గురించి ఉపన్యాసాలిస్తుంటారు. ఆ రెండు పుస్తకాలూ వాళ్ళు విప్పి చూశారా అని మాకు అనుమానం.

‘ఆది’ కథ అక్కడితో అయిపోలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల్ని నాలుగు గ్రూపులు చేశారు. ఎ రెల్లి, బి మాదిగ, సి మాల, డి ఆది ఆంధ్ర. అందర్నీ కలపడానికి 1917లో ఎత్తుకున్న పేరు, ఎనభై ఏళ్ళకి నాలుగు గదుల్లో ఒక గది అయింది, ఒక్క శాతం వాటాతో. ఇది ఎట్లా జరిగింది? ఆ పేరుని ఎవరు రాయించుకున్నారు, ఎవరికి అది అందలేదు, సంఘాల్లో పెత్తనం ఎవరిది, బళ్ళు ఏ వాడలో పెట్టారు? ఈ ప్రశ్నలు వేసింది చరిత్ర శాఖలు కావు. దండోరా వేసింది. మాల మాదిగల్ని విడదీసే ప్రశ్నలని కొందరన్నారు. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుని పక్కనబెట్టింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు గ్రూపులుగా వర్గీకరణ తెచ్చాయి. కోర్టు ఏమన్నా, ఆ ప్రశ్నలు చరిత్రకి ముందే కావలసినవి. ఐక్యత కోసం వాటిని అడగొద్దంటే, నిష్పక్షపాతం కోసం మనల్ని అడగొద్దన్నవాళ్ళకీ మనకీ తేడా ఏముంది?

వాటిని అడగడం మొదలుపెడితే సాక్ష్యాలు కూడా వేరేచోట కనిపిస్తాయి. మాదిగల దగ్గర దక్కలివాళ్ళు పటం విప్పి జాంబపురాణం చెబుతారు. అందులో జాంబవుడు భూమి కంటే ముందు పుట్టినవాడు. అంటే ‘ఆది’ అనే మాట బెజవాడ సభకి ముందే, ఇంగ్లీషు పండితుల ఆర్య సిద్ధాంతంతో పని లేకుండా, వాడలో వినపడుతూ ఉన్నదే. ఇది జాతి వాదన కాదు. అడుక్కుని బతికే కళాకారులు తమని పోషించే కులానికి గుర్తుచేసే గౌరవం. దీన్ని పురాణమని పక్కనపెట్టి, జనాభా లెక్కల నివేదికని మాత్రమే సాక్ష్యమనుకుంటే మనం రాసే చరిత్ర కూడా సగమే అవుతుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఆది హిందూ ఉద్యమం మీద పి.ఆర్. వెంకటస్వామి 1955లో రాసిన పుస్తకం లేకపోతే మనకి హైదరాబాదు సంగతులు చాలా దక్కేవి కావు. అయినా ఆ కాలం గురించి మనం చదివేదంతా దాదాపు మగవాళ్ళ సభలూ తగాదాలే. గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’ తెచ్చి దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చింది. 2011లో టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథ రాసింది. సదాలక్ష్మి సఫాయి పని చేసే కులంలో పుట్టి, మంత్రి అయి, 1960లో శాసనసభ ఉపసభాపతి అయిన మనిషి. పెద్ద వయసులో దండోరా పక్కన నిలబడింది. ‘ఆది’ రోజులు చూసిన తరానికీ వర్గీకరణ అడిగిన తరానికీ మధ్య ఆమె ఉంది. ఆమె కథ పుస్తకమై వచ్చేసరికి ఆమె పోయి ఏడేళ్ళయింది.

ఆమెలాంటివాళ్ళు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. సంఘాల మినిట్సు పుస్తకాలు, కరపత్రాలు, ఫొటోలు వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. వానాకాలం దాటితే ఎన్ని మిగులుతాయో చెప్పలేం.