పళ్లు చెప్పని చుట్టరికం

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి దగ్గర లియోన్యాన్‌లో దొరికిన ఒక దవడ ముక్కను 1840లో శాస్త్రవేత్త గ్రతలూ వర్ణించాడు. అంచుల్లో రంపపు నొక్కులున్న ఆ దంతాలు చూసి, అది ఇగ్వానోడాన్ అనే డైనోసార్‌కు దగ్గరి భారీ సరీసృపమని అనుకున్నాడు. స్క్వాలోడాన్ అని పేరు పెట్టాడు. అది సరీసృపం కాదనీ, నేటి డాల్ఫిన్లున్న దంత తిమింగలాల వర్గానిదనీ తర్వాత తేలింది. ఆ పొరపాటు దిద్దుకున్నారు గానీ, పళ్లను చూసి బంధుత్వం తేల్చే అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు.

ఆ తర్వాత పొడవాటి మూతి, త్రికోణాకార దవడ పళ్లు ఉన్న శిలాజాలు ఎన్నో స్క్వాలోడాన్ కుటుంబంలోకే చేరాయి. అయితే అలాంటి పళ్లు అంతకు ముందున్న బసిలోసారస్ వంటి ప్రాచీన తిమింగలాలకూ ఉన్నాయి. అంటే అవి పూర్వీకుల నుంచి వచ్చినవే. ఊరంతటికీ ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు, ఎవరికి ఎవరు సొంత అన్నదమ్ములో ఆ పేరును బట్టి చెప్పలేం. ఒక శాఖలో కొత్తగా పుట్టి, ఆ శాఖ వారసుల్లోనే కనిపించే లక్షణాలే దగ్గరి చుట్టరికానికి సాక్ష్యం.

అమెరికాలోని దక్షిణ కరోలినాలో దొరికిన ఒక జంతువు కథ ఈ తేడాను బాగా చూపిస్తుంది. నదిలోంచి తవ్వితీసిన మూతి భాగం ఒక్కటే ఆధారంగా 1887లో శాస్త్రవేత్త అలెన్ దాన్నీ స్క్వాలోడాన్‌గానే నమోదు చేశాడు. 1990ల్లో చార్ల్స్‌టన్ ప్రాంతంలో దాదాపు పూర్తి అస్థిపంజరం బయటపడింది. దాన్ని పరిశీలించిన బోసెనెకర్ బృందం 2020లో ఆ జంతువును ఆంకిలోరైజా అనే కొత్త ప్రజాతిగా వేరుచేసింది. పొడవు సుమారు 4.8 మీటర్లు, కాలం ఒలిగోసీన్ భూయుగం. దంత తిమింగలాల వంశవృక్షంలో దాని చోటు మొదలుకు దగ్గర.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాని ఒంటి నిర్మాణం. ముందు రెక్క ఎముకలు ప్రాచీన తిమింగలాలకూ నేటివాటికీ మధ్యస్థంగా ఉన్నాయి. తోక మొదట్లో వెన్ను బిగుసుకోవడం మొదలైంది, నడుము భాగం మాత్రం ఇంకా వంగేదే. పొట్టి భుజాస్థి, తోక రెక్కకు ముందు సన్నని కాడ నేటి దంత తిమింగలాల్లోనూ, పళ్లకు బదులు బలీన్ పలకలున్న తిమింగలాల్లోనూ కనిపిస్తాయి. ఉమ్మడి పూర్వీకుడి నుంచే రెండింటికీ వచ్చాయని అనుకోవడం సహజం. కానీ మొదలుకు దగ్గరున్న ఆంకిలోరైజాలో ఇవి పూర్తిగా రూపుదిద్దుకోలేదు. అందుకే రెండు శాఖల్లోనూ విడివిడిగా పుట్టి ఉంటాయని ఆ బృందం వాదించింది. వంశవృక్షంలో ఆ జంతువు స్థానం మారితే ఈ వాదనా మారుతుంది. పుర్రె, పళ్ల అరుగుదల, ఒంటి పరిమాణం కలిపి చూసి, పెద్ద ఎరను వేటాడేదనీ, నేటి కిల్లర్ వేల్ లాంటి పాత్ర పోషించి ఉండవచ్చనీ కూడా వారు ఊహించారు.

పాత లక్షణాలను బట్టి బంధుత్వం తేల్చే చిక్కు మయోసీన్ భూయుగం నాటి చిన్న డాల్ఫిన్ కెంట్రియోడాన్ విషయంలోనూ ఉంది. దానికి 1927లో శాస్త్రవేత్త కెల్లాగ్ పేరు పెట్టాడు. పుర్రె కుడి ఎడమలు దాదాపు సమానంగా ఉన్న పలు ప్రజాతులను దాని కుటుంబంలో చేర్చారు. ఆ సమానత కూడా పాత లక్షణమే కాబట్టి ఇటీవలి విశ్లేషణలు ఆ కుటుంబాన్ని కుదిస్తున్నాయి.

కాబట్టి బంధుత్వం తేల్చేటప్పుడు పళ్లకన్నా, చెవి ఎముకలు, పుర్రె అడుగుభాగం దొరికిన నమూనాలకు ఎక్కువ బరువు ఇవ్వాలి. విడి పన్ను ఒక్కటే ఆధారంగా నిలిచిన జాతులను, మరో ఎముక దొరికేదాకా, జాతుల సంఖ్య లెక్కల్లో చేర్చకపోవడమే మేలని నా అభిప్రాయం.