మెట్ల బావి వయసు తేల్చేదెలా?

పాలమూరులో ఏ పాత దిగుడు బావి దగ్గరైనా ఆగి ఎవరు తవ్వించారని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తుంది. గద్వాల వైపైతే సోమనాద్రి, వనపర్తిలో సంస్థానం రాజులు, నాగర్‌కర్నూల్ వైపు కాకతీయులు, లేదంటే గోన గన్నారెడ్డి. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ పెద్ద పేరు ఒకటి దగ్గర్లో ఉన్నంత మాత్రాన బావి దానిదైపోదు.

ముందు, బావి అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నేలను నడిగడ్డ అంటారు. రెండు పక్కలా నదులున్నా నీళ్లు పల్లాన పారతాయి, చేలు మెరకన ఉంటాయి. పైన మొరం, కింద నల్లరాయి. వాన నీరు ఆ మొరంలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. కార్తీకంలో పది మెట్లు దిగితే అందే నీళ్లు వైశాఖానికి ముప్పై మెట్ల కిందికి పోతాయి. మెట్లు ఉన్నది అందుకే, నీళ్లు ఎంత దిగితే మనిషీ అంత దిగడానికి.

ఇక ఆధారాల సంగతి. శాసనం ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. ఈ ప్రాంతానికి శాసనాల కొరతా లేదు. మల్యాల గుండన భార్య కుప్పాంబిక వేయించిన బూదపురం శాసనం 1276 నాటిది. ఆ వంశం ఏలిన వర్ధమానపురమే నేటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్. వనపర్తి జిల్లా ఖిల్లా ఘనపురం కోటను 1234లో గోన గణపారెడ్డి కట్టించాడని చెబుతారు. అయితే గుడి శాసనం గుడి తేదీ చెబుతుంది, కోట చరిత్ర కోట సంగతి చెబుతుంది. పక్కనున్న బావి అంతకు ముందుదో, మూడు వందల ఏళ్ల తరవాతిదో అవి చెప్పవు. పుణ్యం తెచ్చే సప్తసంతానాల్లో తటాకానిది పెద్ద పీట కాబట్టి చెరువు తవ్వించినవాడు తన పేరు చెక్కించుకున్నాడు. ఊరంతా కలిసి తవ్వుకున్న బావికి అలా చెక్కించుకునేవారెవరు?

శాసనం లేనప్పుడు రాళ్లను అడగాలి. అవీ సగం సగమే చెబుతాయి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ కనిపించగానే కాకతీయుల నాటిదని తీర్పు చెప్పడం మనకు అలవాటు. అలాంటి గోడలను మన తాతల కాలం దాకా వడ్డెరలు కడుతూనే ఉన్నారు. సున్నపు కమాను ఉంటే బహమనీల రాక తరవాతిది కావచ్చు, కానీ ఆ కమాను ఒక్కటే తరవాత చేర్చిందీ కావచ్చు. అడుగున రాతిలో సన్నటి గుండ్రటి రంధ్రం సగానికి చీలి గాడిలా కనబడితే, మందుగుండు పెట్టి పేల్చారన్నమాట. ఆ లోతు కొత్తది, పైమెట్లు పాతవి కావచ్చు. ఒకే బావికి రెండు మూడు వయసులుండొచ్చు.

ఒరకు వంగి చూస్తే తాడు ఒరిసి పడిన గాళ్లు కొన్నిచోట్ల వేలు పట్టేంత లోతున ఉంటాయి. పక్కనే గిరక నిలిపిన రాతి కంబాలు, ఎడ్లు వాలుగా దిగిన మోట బాట. ఇవి బావిని తాగడానికే కాక సేద్యానికీ వాడారని గట్టిగా చెబుతాయి. ఎన్నేళ్లు వాడారో మాత్రం చెప్పవు. గాడి లోతును ఏళ్లలోకి మార్చే లెక్క లేదు.

2014లో యునెస్కో గుర్తింపు పొందిన గుజరాత్ మెట్ల బావి రాణీ కీ వావ్ సంగతి చూడండి. అది రాణి ఉదయమతి కట్టించిందన్న మాటకు ముఖ్య ఆధారం మేరుతుంగుడి ప్రబంధ చింతామణి, అంటే బావి కట్టిన రెండు శతాబ్దాల తరవాతి గ్రంథం. అంత పేరున్న బావికే సాక్ష్యం అలా ఉంటే మన ఊరి బావి గురించి తొందరెందుకు?

అయితే వయసు తేల్చేలోపు బావే లేకుండా పోవచ్చు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. గుడిని అలా తేగలిగారు. బావిని విప్పి తేవడం ఎవరి వల్లా కాదు. భూమిలో ఉన్న కట్టడం భూమితోనే మునుగుతుంది.

మునగని బావులు చెత్తతో పూడుతున్నాయి. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావ్లీ గోడ 2013 వానలకు కూలితే తిరిగి నిలబెట్టారు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి పూడిక తీశాక 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. పాలమూరు ఊళ్లలోనూ ఇలాంటి పని జరగాలి. అయితే శ్రమదానానికి దిగేవాళ్లకు ఒక మనవి. జేసీబీ దించేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పూడికలో వచ్చిన చెక్కుడు రాళ్లను లారీకెత్తకుండా గట్టున పెట్టండి. మెట్లకు రంగు వేయకండి, అక్షరాలుంటే రంగు కింద పోతాయి.