ఉద్దానంలో బండి కావలి

జీడిపిక్కలు రాలే వేసవిలో మా ఉద్దానం తోటలకి కావలి కుక్కలే. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. వాటి వాసన మనిషికన్నా ముందు పట్టేది కుక్కే. పిక్కల బస్తాలు ఎడ్లబండి మీద కాశీబుగ్గ చేరే రోజుల్లో, "కుక్కని బండి కింద కట్టీరా, టీ తాగొద్దాం" అనేవాడు తాతయ్య. కింద నీడ, అటూ ఇటూ గాలి, ముందర నీళ్ల ముంత. బస్తా మీద పరాయి చెయ్యి పడితే సంతంతా వినపడేలా మొరిగేది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ వేళ్లతో సహా కూల్చేసింది. తోట పోయాక మా కావలి కుక్క ఇంటి కుక్క అయింది. ఇప్పుడు దాని సంతతి టెక్కలి పశువుల ఆసుపత్రికి కారెక్కి వెళ్తోంది.

కుక్కని లోపల ఉంచి తాళం వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: కొన్ని కార్ల అలారం తలుపులనే కాదు, లోపలి కదలికనీ పసిగడుతుంది. పైకప్పు లైటు దగ్గరి సెన్సర్లు మన చెవికందని ధ్వని తరంగాలు పంపుతాయి. తిరిగొచ్చే తరంగం మారితే హారన్ మోగుతుంది. కుక్క లేచి పక్కకి తిరిగినా చాలు. అందుకే అలాంటి కార్లలో చాలావాటికి లోపలి సెన్సరు ఆపే మీట ఉంటుంది. దిగేముందు నొక్కి తాళం వేస్తే తలుపుల కాపలా మాత్రం మిగులుతుంది.

అయితే హారన్ ఆగినంత మాత్రాన కుక్క క్షేమం కాదు. బయట 30 డిగ్రీలుంటే, ఎండలో మూసిన కారు అరగంటలో 45 దాటుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కుక్క రొప్పి ఒళ్లు చల్లార్చుకోవాలి. ఆ వేడిలో అదీ సాగదు. మే నెలలో నేనైతే ఆసుపత్రి చీటీ రాయించుకునేంతసేపు కూడా దాన్ని కారులో ఉంచను. మా ఆవిడ గొలుసు పట్టుకుని చెట్టు కింద నిలబడుతుంది.